ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాత రికార్డుల వేట

తెలుగు గ్రామఫోన్ రికార్డులు దొరుకుతాయని మాత్రం కలకత్తా వెళ్ళకండి. ఇంగ్లిష్ రాక్, జాజ్, బెంగాలీ పాటలు, హిందీ సినిమా ఎల్పీలు (ఎక్కువ పాటలు పట్టే పెద్ద రికార్డులు), హిందుస్తానీ సంగీతం కావాలంటే ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌ని మించిన వీధి మన దేశంలో నాకింతవరకు కనిపించలేదు. బోర్డుల మీద మీర్జా గాలిబ్ స్ట్రీట్ అని ఉంటుంది కానీ ఎవరినడిగినా పాత పేరుతోనే దారి చెబుతారు.

సికింద్రాబాద్ నుంచి, విజయవాడ నుంచి అయితే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ నేరుగా హౌరాలో దింపుతుంది. ఇదివరకు స్టేషన్ బయట టాక్సీ బేరమే పెద్ద టెన్షన్. 2024 మార్చిలో హుగ్లీ నది కింద నుంచి మెట్రో మొదలయ్యాక ఆ గొడవ పోయింది. హౌరాలో ఎక్కి ఎస్ప్లనేడ్‌లో రైలు మారితే తర్వాతి స్టేషనే పార్క్ స్ట్రీట్. అక్కడి నుంచి నడిచి వెళ్ళొచ్చు.

బస విషయంలో అందరూ సడర్ స్ట్రీట్ పేరే చెబుతారు. ఇండియన్ మ్యూజియం పక్కన మొదలై నేరుగా ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లోకి తేలే వీధి అది. చవక లాడ్జీలకు కొదవలేదు. మేము దిగిన లాడ్జిలో మంచం, నీళ్ళు బాగానే ఉన్నాయి కానీ గోడంతా చెమ్మ. కిటికీ తీస్తే ఎదురుగా ఇంకో గోడ. మనుషులం సర్దుకుంటాం, రికార్డుల అట్టలు సర్దుకోవు కదా. మర్నాడే పార్క్ స్ట్రీట్ వైపు కాస్త ఖరీదైన గదికి మారిపోయాం. రికార్డులు కొనడానికి వెళ్ళేవాళ్ళకు నా సలహా అదే. ఏసీ లేకపోయినా పర్లేదు, గాలీ వెలుతురూ ఉన్న గది చూసుకోండి.

ఇక కొట్లు. కొట్టు అన్నానని అద్దాల తలుపులు ఊహించుకోవద్దు. కొన్ని చిన్న గదులు, కొన్ని గోడకు ఆనించిన బీరువాలు, మధ్యలో పాత పుస్తకాల దుకాణాలు. పదకొండు దాటితే గానీ అన్నీ తెరవరు. ఆదివారం నమ్ముకోవద్దు. రికార్డుల మీద ధర రాసి ఉండదు. మనం ఏది బయటికి తీశాం, ఎంతసేపు చూశాం అన్నదాన్ని బట్టి ధర పుడుతుంది. అందుకని నిజంగా కావలసినదాన్ని నాలుగు మామూలు రికార్డుల మధ్య పెట్టి అన్నింటికీ కలిపి ఎంతని అడిగేవాణ్ణి. ఆ ఎత్తు వాళ్ళకూ తెలుసు, అయినా కొంత తగ్గిస్తారు.

ఇంగ్లిష్ రికార్డులు ఇక్కడ ఇన్ని ఎందుకున్నాయంటే, పార్క్ స్ట్రీట్ హోటళ్ళలో ఒకప్పుడు రోజూ బ్యాండ్లు వాయించేవి. ఉషా ఉతుప్ పాడిన ట్రింకాస్ ఇప్పటికీ అక్కడే ఉంది. ఆ సంగీతం విన్న ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలావరకు విదేశాలకు వెళ్ళిపోయాయి. సామాన్లతోపాటు రికార్డులనూ ఇక్కడే అమ్మేశాయి. దానికితోడు గ్రామఫోన్ కంపెనీ ఊరు కూడా ఇదే. 1902లో గాయని గౌహర్ జాన్ పాటను ఆ కంపెనీ రికార్డు చేసింది ఈ నగరంలోనే. 1908లో సియాల్దాలో రికార్డుల ఫ్యాక్టరీ పెట్టారు, తర్వాత అది డమ్‌డమ్‌కు మారింది. మన ఇళ్ళలో ఉన్న ఆ కంపెనీ పాత హెచ్‌ఎంవీ, కొలంబియా తెలుగు రికార్డుల లేబుల్ జాగ్రత్తగా చూడండి, చాలావాటి మీద డమ్‌డమ్ పేరు కనిపిస్తుంది. తయారైంది ఇక్కడే అయినా అమ్ముడైంది మన దగ్గర, అందుకే ఇక్కడ దొరకవు.

అసలు లేవని కాదు. ఒక కొట్లో తెలుగు సినిమా ఈపీలు (రెండు మూడు పాటలుండే చిన్న రికార్డులు) చిన్న కట్ట కనిపించింది. ఎక్కడివి దాదా అంటే ఖరగ్‌పూర్ నుంచి వచ్చాయన్నాడు. రైల్వే ఉద్యోగాలకు వెళ్ళి స్థిరపడిన తెలుగువాళ్ళు అక్కడ వేలల్లో ఉన్నారు కాబట్టి నమ్మబుద్ధేసింది. ఆయనకు మాత్రం అవి ‘మద్రాసీ గానా’. ధర కూడా ఆ లెక్కనే చెప్పాడు, నాకు మంచిదే అయింది.

రికార్డు బాగుందో లేదో తేల్చుకోవలసింది మనమే. సెల్‌ఫోన్ లైటు ఏటవాలుగా వేసి చూడాలి. వెంట్రుకలాంటి గీతలు పర్లేదు, గోటికి తగిలే గీత ఉంటే వదిలేయాలి. నడిమి చిల్లు చుట్టూ తెల్లటి గీతలు ఎక్కువుంటే బాగా వాడేశారని అర్థం. కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుంటే వంకర తెలుస్తుంది. అట్ట ఒకదానిది, లోపల రికార్డు ఇంకొకటి ఉండటం మామూలే. కలకత్తా తేమకు బూజు పట్టడం కూడా మామూలే, అది కడిగితే పోతుంది. వేసి వినిపించమంటే చాలామంది కాదనరు. కాకపోతే వాళ్ళ ప్లేయర్ల ముల్లు ఎన్నేళ్ళ కిందటిదో దేవుడికే తెలియాలి, అర నిమిషం వింటే చాలు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాతకాలపు లక్క రికార్డుల (78 ఆర్‌పీఎం) జోలికి నేను పోలేదు. వాటికి వేరే ముల్లు కావాలి, కింద పడితే పగిలిపోతాయి.

బొంబాయితో పోలిస్తే? కాలా ఘోడాలో రిథమ్ హౌస్ అనే పాత రికార్డుల షాపు 2016లో మూతపడింది. మాహిమ్‌లో రివాల్వర్ క్లబ్ అనే షాపులో కొత్త రికార్డులు, మంచి టర్న్‌టేబుళ్ళు (రికార్డు ప్లేయర్లు), ప్రశాంతంగా చూసుకునే చోటు ఉన్నాయి. మొదటిసారి కొనేవాళ్ళను నేను అక్కడికే పంపుతాను. కొత్త విదేశీ ఎల్పీ ధరకు ఫ్రీ స్కూల్ స్ట్రీట్‌లో పాతవి నాలుగైదు వస్తాయనుకోండి, కానీ వాటిలో ఒకటి గరగరలాడినా అడిగే దిక్కుండదు. చోర్ బజార్ మటన్ స్ట్రీట్‌లో బేరం కలకత్తా కంటే కష్టం, పర్యాటకులకు అలవాటు పడిన వీధి అది. శుక్రవారం వెళ్తే కొట్లు మూసి ఉంటాయి.

తిరుగు ప్రయాణానికి విమానం కన్నా రైలే నయం. నలభై ఎల్పీలు అట్టలతో కలిపి దాదాపు పది కిలోలు తూగుతాయి, విమానంలో చేతి సామానుకు ఏడు కిలోలే ఇస్తారు. చెక్ ఇన్‌లో వేస్తే ఎలా విసురుతారో మనకు తెలియనిది కాదు. గట్టి అట్టపెట్టెలో రికార్డులను నిలువుగా, కదలకుండా సర్ది కింది బెర్తు కింద పెట్టుకోవాలి. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే కింద ఉన్నవాటి మీద బరువంతా పడుతుంది. వేసవిలో అయితే ఎండ పడే కిటికీ పక్కన అసలు పెట్టొద్దు, ఒడిశా మీదుగా వచ్చేటప్పుడు బోగీ బాగా వేడెక్కుతుంది.