ఈఎంఐ అన్నారు, తీరా చూస్తే మా పేరున అప్పు: ఆన్‌లైన్ క్లాసుల ట్యాబ్ కొనేవాళ్లు జాగ్రత్త

పిల్లలకి ట్యాబ్‌తో సహా ఆన్‌లైన్ కోచింగ్ కొందామనుకుంటున్నవాళ్లు ఓటీపీ చెప్పే ముందు ఇది చదవండి. కంపెనీ పేరు రాయడం లేదు. ఇదే పని ఇంకో పేరుతో చేసేవాళ్లూ ఉన్నారు, వాళ్లు డబ్బు ఎలా లాగుతారో తెలిస్తే చాలు.

మాది తెనాలి. రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా ఒక డాక్యుమెంట్ రైటర్ దగ్గర పని చేస్తాను. పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల దస్తావేజుల్లో హద్దులు సరిచూసేదాన్ని, నా ఇంటి కాగితం మాత్రం చదవలేదు. మా ఆయన ఇప్పటికీ దెప్పుతూనే ఉంటారు.

2023 జూన్‌లో మా అమ్మాయి తొమ్మిదో తరగతిలోకి వచ్చింది. బళ్లో ఏదో టాలెంట్ టెస్ట్ పెట్టి, ఫారంలో వాళ్ల నాన్న ఫోన్ నంబరు రాయించుకున్నారు. వారం తిరక్కుండా ఫోన్. మీ పాపకి స్కాలర్‌షిప్ వచ్చింది, ఇంటికొచ్చి మాట్లాడతాం, ఆ టైంకి మీరిద్దరూ ఉండాలి అన్నారు. ఇద్దరూ ఎందుకో అప్పుడు తట్టలేదు. ఒక్కరే ఉంటే ‘మా ఆయన్ని అడిగి చెప్తా’ అని తప్పించుకుంటారు కదా, అదీ సంగతి.

వచ్చిన కుర్రాడు మర్యాదస్తుడే. మంచినీళ్లు తాగి, పాపని ఎదురుగా కూర్చోబెట్టి ఒక లెక్క ఇచ్చాడు. పిల్ల బిక్కమొహం వేసింది. అతను పెన్ను మూతపెట్టి, “చూశారా మేడం, బేసిక్స్ చాలా వీక్” అన్నాడు. అది పదో తరగతి త్రికోణమితి లెక్క అని, తొమ్మిదిలోకి వచ్చి పది రోజులు కాని పిల్లకి రాకపోవడమే సహజమని తర్వాత వాళ్ల లెక్కల టీచర్ చెప్పారు. ఆ పూట మాత్రం మా ఇద్దరికీ గుండె గుభేలుమంది. ఇక అతనేం చెప్పినా తలూపుతూ పోయాం.

స్కాలర్‌షిప్ పోను 52 వేలట. ఇవాళ 4 వేలు కడితే మిగతా 48 వేలు నెలకి 2 వేల చొప్పున 24 నెలలు, వడ్డీ లేదు, నచ్చకపోతే 15 రోజుల్లో మొత్తం వెనక్కి. ఆధార్, పాన్ ఫొటోలు తీసుకున్నాడు, మా ఆయన సెల్ఫీ తీశాడు. వరసగా మూడు ఓటీపీలు వచ్చాయి, మూడూ చదివి చెప్పాం. మూడోదాంట్లో ‘లోన్ అగ్రిమెంట్’ అని ఉంది. చూశాను, అడిగాను కూడా. “అది సిస్టమ్ మెసేజ్ మేడం, అందరికీ అలాగే వస్తుంది” అన్నాడు. సరే అనుకున్నాను.

ఆ పది నిమిషాల్లో జరిగిందేమిటంటే, ఒక ఫైనాన్స్ కంపెనీ మా ఆయన పేరు మీద 48 వేలు అప్పిచ్చింది. ఆ డబ్బు మా చేతికి రాలేదు, నేరుగా కోచింగ్ కంపెనీకి వెళ్లిపోయింది. మేము నెలనెలా కట్టేది ఫీజు కాదు, ఫైనాన్స్ వాళ్ల బాకీ. ఒక ఓటీపీతో మా అకౌంట్లోంచి ప్రతి 5వ తారీఖున డబ్బు కోసుకోమని అనుమతి ఇచ్చేశాం. ఇంకో ఓటీపీయే సంతకం. పిల్ల క్లాసు విన్నా మానేసినా కోత ఆగదు. కోచింగ్ వాళ్లకి రావాల్సిందంతా ముందే ముట్టింది, ఇక మన ఫోన్ ఎత్తాల్సిన అవసరం వాళ్లకేముంటుంది?

లైవ్ క్లాసులన్నారు. జులైలో ఒకరోజు పక్కన కూర్చుని చూస్తుంటే, సారు తెర మీదకొచ్చి అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు చెప్పారు! డౌట్ అడగాలంటే లెక్క ఫొటో తీసి పెట్టాలి. నాలుగో రోజు జవాబు వచ్చింది, అదీ వేరే లెక్కకి. పాప నవ్వేసి ట్యాబ్ పక్కన పడేసింది.

ట్యాబ్ తొమ్మిదో రోజుకి చేరింది. పన్నెండో రోజున వద్దని ఫోన్ చేశాను. “కొత్త మెంటర్‌ని ఇస్తాం, ఒక్క వారం చూడండి ఆంటీ” అని ఒకమ్మాయి బతిమాలింది. జాలిపడి ఒప్పుకున్నాను. వారం తర్వాత చేస్తే గడువు దాటిందన్నారు. ఆ 15 రోజులు ట్యాబ్ వచ్చిన రోజు నుంచి కాదట, 4 వేలు కట్టిన రోజు నుంచట. వద్దనే మాట ఫోన్లో కాకుండా మెయిల్లో పెట్టి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

ఏడు కంతులు పోయాక అకౌంట్లో డబ్బు లేకుండా చేశాం. మా తెలివి అంతే. చెక్కు బౌన్స్ అయినట్టే ఇటు బ్యాంకు, అటు ఫైనాన్స్ రెండూ పెనాల్టీ వేశాయి, బ్యాంకులు అప్పిచ్చే ముందు చూసే సిబిల్ స్కోరు మా ఆయనకి పడిపోయింది, బాకీ కట్టమని ఆయన కొట్టుకి రోజుకి నాలుగు ఫోన్లు. దయచేసి ఎవరూ అలా చేయకండి.

చివరికి మా తమ్ముడు చెప్పిన దారి పనికొచ్చింది. ఫైనాన్స్ కంపెనీ ఫిర్యాదుల అధికారికి చాట్ స్క్రీన్‌షాట్లతో మెయిల్ పెట్టాం. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి (బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి) ఆన్‌లైన్లో ఫిర్యాదు చేయొచ్చు, పైసా ఖర్చు లేదు. ఆ మాట మెయిల్లో రాశాకే కదలిక వచ్చింది. మిగతా కంతులు రద్దు చేశారు. ముందు కట్టిన 4 వేలూ ఏడు కంతుల 14 వేలూ పోయినట్టే. వాటికోసం వినియోగదారుల కమిషన్‌కి వెళ్లాలా అని ఆలోచిస్తున్నాం. కంపెనీ ఎక్కడిదైనా మనం ఉండే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు, 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పి చూడండి.

ఫోన్లో అప్పు ఇచ్చేవాళ్లకి 2022లోనే రిజర్వ్ బ్యాంక్ నియమాలు పెట్టింది. అప్పు వివరాలన్నీ ఒక పత్రంగా ముందే ఇవ్వాలి. పెనాల్టీ లేకుండా అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టేసి బయటపడడానికి ఎన్ని రోజుల గడువో కూడా అందులో ఉండాలి. ఆ కుర్రాడిని అదే అడగండి. నీళ్లు నమిలితే పంపించేయండి. ఇలాంటి ఆటో డెబిట్లు, తెలియకుండా అంటగట్టే అప్పుల గురించి కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించిందట. నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

ఇంట్లో ఉండి చదవడం మీద నాకేం కోపం లేదు. నా డిగ్రీ అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలోనే, దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ అది, 1982లో పెట్టారు. పుస్తకాలు ఇచ్చేవారు, ఆదివారం స్టడీ సెంటర్లో క్లాసులు, ఫీజు నేరుగా యూనివర్సిటీకే. మధ్యలో ఎవడూ మన పేరున అప్పు తీసుకోలేదు. ఇప్పుడు మా అమ్మాయి పాఠ్యపుస్తకంలో ఉన్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి ప్రభుత్వం వాళ్ల దీక్షా యాప్‌లో పాఠాలు ఉచితంగా చూస్తోంది. కొన్ని బాగుంటాయి, కొన్ని నిద్రొస్తాయి. అర్థం కాని లెక్క మర్నాడు టీచర్నే అడుగుతోంది.

నిన్న మా పక్కింటి బాబు అలాంటి టాలెంట్ టెస్ట్ ఫారమే తెచ్చుకున్నాడు. టెస్ట్ రాయమన్నాను, ఫోన్ నంబరు గడి మాత్రం ఖాళీగా వదిలేయించాను.