పాత సిస్టమ్ ఉన్న ఇంటికి కొత్త లాప్‌టాప్: లెనోవో వీ15 జీ4 ఎంతవరకు పనికొస్తుంది

హన్మకొండ, కాజీపేట, వరంగల్ ఇండ్లల్లో పదిహేనేండ్ల కిందట పెట్టించిన అసెంబుల్డ్ సిస్టమ్ ఇంకా చాలాచోట్ల నడుస్తూనే ఉంది. విండోస్ 7, నీలం ప్లగ్గు వీజీఏ మానిటర్, పక్కన క్యానన్ ఎల్‌బీపీ2900 ప్రింటర్. పెండ్లి ఫొటోలు, భూమి కాగితాల స్కాన్లు, పిల్లల పదో తరగతి మెమోలు, అను అనే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్‌లో కొట్టిన దరఖాస్తులు అన్నీ అందులోనే. పిల్లలు ఇంటర్ దాటి బీటెక్‌కు రాగానే లాప్‌టాప్ కావాలంటారు. షాపుకు పోతే మాటంతా ప్రాసెసర్ మీద, ఆఫర్ మీద నడుస్తుంది. ఇంటికి తెచ్చాక తెలుస్తుంది, మానిటర్ తగలదు, ల్యాన్ వైరుకు జాగ లేదు, ప్రింటర్ పలకదు, పాత ఫైల్ తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గీతలు.

అందుకే ఇక్కడ లెనోవో వీ15 జీ4ను వేగం కొలతలతో కాదు, పాత సామానుతో ఎంత కలిసిపోతుందో చూసి తూచాం. ముందే చెప్పాలంటే, ఇంట్లో పాత సిస్టమ్ ఉండి, బడ్జెట్ మధ్యస్థంగా ఉంటే ఇందులోని ఇంటెల్ రకం మంచి ఎంపిక. తెర మాత్రం సాదాసీదా.

దీని బలం పక్కల్లో ఉంది. ఒక యూఎస్‌బీ 2.0, ఒక యూఎస్‌బీ 3.2, ఒక టైప్-సీ, హెచ్‌డీఎంఐ, వాటితోపాటు ఆర్‌జే45 ల్యాన్ పోర్టు. ఇంటి వాడకానికని అమ్మే సన్నని మోడళ్లలో ఈ ల్యాన్ పోర్టు దాదాపు మాయమైంది. వ్యాపార శ్రేణి అని పిలిచే వీ15, ఆసుస్ ఎక్స్‌పర్ట్‌బుక్, ఏసర్ ట్రావెల్‌మేట్ లాంటివాటిలోనే మిగిలింది. పాత సిస్టమ్ నుంచి 200 జీబీ సామాను తేవాలంటే ఇదే దిక్కు. పాత 2.4 గిగాహెర్ట్జ్ వైఫైతో సెకనుకు నాలుగైదు ఎంబీ వస్తే గొప్ప, అంటే రాత్రంతా ఆన్‌లో పెట్టాలి. పాత మదర్‌బోర్డులో 100 ఎంబీపీఎస్ ల్యాన్ ఉంటే సెకనుకు 11 ఎంబీ చొప్పున అయిదు గంటలు. గిగాబిట్ ల్యాన్ ఉంటే గంటలోపే, అది కూడా పాత హార్డ్ డిస్క్ వేగమే అడ్డం. రెండింటికీ నడుమ రౌటర్ కూడా అక్కర్లేదు. మామూలు ల్యాన్ వైరు నేరుగా కలిపితే చాలు. కొత్త పోర్టు వైరు రకాన్ని తనే గుర్తుపట్టి సర్దుకుంటుంది. రెండు మెషీన్లూ 169.254తో మొదలయ్యే అడ్రస్ తెచ్చుకుంటాయి. దానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది, కంగారుపడి వైరు పీకొద్దు.

ఇప్పుడు అసలు మెలిక. వీ15 జీ4 అన్నది ఒక్క మెషీన్ పేరు కాదు. చివర ఐఆర్‌యూ అని ఉంటే 13వ తరం ఇంటెల్. అందులో కొంత ర్యామ్ బోర్డు మీదే అతికించి, పక్కన డీడీఆర్4 స్లాట్ ఒకటి ఇస్తారు. రెండేండ్ల తర్వాత 8 జీబీ చిప్పు కొని వేసుకోవచ్చు. చివర ఏఎంఎన్ అని ఉంటే రైజెన్ 3 7320యూ లేదా రైజెన్ 5 7520యూ. ఈ ప్రాసెసర్లు ఎల్‌పీడీడీఆర్5 ర్యామ్‌తోనే పనిచేస్తాయి, అది బోర్డుకు అతికే వస్తుంది. కొన్నరోజు 8 జీబీ అయితే చివరిదాకా 8 జీబీనే. 7320 అన్న అంకె చూసి కొత్తదనుకుంటాం గానీ, లోపలి కోర్లు జెన్ 2 అనే పాత తరానివి. ధర తక్కువుందని ఏఎంఎన్ తీసుకుంటే 16 జీబీదే తీసుకోండి, లేదంటే వదిలేయండి. పాత లాప్‌టాప్‌లోని డీడీఆర్3 చిప్పు ఇందులో వేద్దామని ఎవరన్నా అంటే నమ్మొద్దు, గాడి దగ్గరే ఆగిపోతుంది.

ఇంకో సంగతి, వీ15 చాలాసార్లు డాస్ అని రాసి వస్తుంది. అంటే విండోస్ లేకుండా. ఆ తక్కువ ధరకు ఆశపడి, షాపులో ఉత్తగనే వేసిచ్చే క్రాక్ విండోస్‌తో ఇంటికి తెచ్చుకుంటే, భూమి కాగితాలూ బ్యాంకు లాగిన్లూ ఎవరో తెలియనివాళ్ల చేతిలో పెట్టినట్టే. అసలు లైసెన్స్ విండోస్ 11 హోమ్‌తో వచ్చిందే తీసుకోండి. విండోస్ 10కు మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది కాబట్టి, సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లు కూడా ఇంటెల్ 8వ తరానికి, విండోస్ 11 అడిగే భద్రతా చిప్పు టీపీఎం 2.0కు కిందికి దిగొద్దు.

మానిటర్ సంగతి తేలిక. హెచ్‌డీఎంఐ నుంచి వీజీఏకు మార్చే చిన్న కన్వర్టర్ రెండు మూడు వందలకు దొరుకుతుంది. లోపల చిప్ ఉన్నది కావాలి. ఉత్త వైరు పనిచేయదు, ఎందుకంటే ఒకటి డిజిటల్, రెండోది అనలాగ్. పక్కన మైక్రో యూఎస్‌బీ పవర్ రంధ్రం ఉన్నది తీసుకుంటే తెర మినుకుమినుకుమనే బాధ తప్పుతుంది. హెచ్‌డీఎంఐ పోర్టు నుంచి వచ్చే కరెంటు చాలా తక్కువ, కొన్ని కన్వర్టర్లకు అది చాలదు. వీజీఏలో శబ్దం పోదని గుర్తుంచుకోండి.

ప్రింటర్ దగ్గర ఎక్కువమంది దెబ్బతింటారు. ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 లాంటివాటికి సొంత బుర్ర తక్కువ. పేజీని చుక్కలుగా మార్చే పనంతా కంప్యూటర్‌లోని డ్రైవర్ చేసి పంపాలి. 64 బిట్ విండోస్ డ్రైవర్ ఉంది కాబట్టి ఇంటెల్, ఏఎండీ లాప్‌టాప్‌లకు కలుస్తాయి. డ్రైవర్ సెటప్ ముందు నడిపి, అది అడిగినప్పుడే యూఎస్‌బీ వైరు పెట్టండి. ముందే పెడితే గుర్తు తెలియని పరికరంగా కూర్చుంటుంది. స్నాప్‌డ్రాగన్ ఎక్స్ లాప్‌టాప్‌లు బ్యాటరీకి బాగుంటాయి, తూకం తక్కువ. కానీ అవి ఆర్మ్ రకం, అంటే ఇంటెల్, ఏఎండీలకు వేరైన ప్రాసెసర్. మామూలు ప్రోగ్రాములను ఎలాగో అనువదించుకుని నడుపుతాయి గానీ డ్రైవర్లను అలా నడపలేవు. ఆర్మ్ కోసం రాసిన డ్రైవర్ లేకపోతే ఆ ప్రింటర్, ఆ స్కానర్, ఆ డాంగిల్ పనికిరావు. పాత సామాను ఉన్న ఇంటికి ఇవి వద్దు. క్రోమ్‌బుక్‌కూ ఇదే అడ్డంకి.

ప్రింటర్‌ను పాత సిస్టమ్‌కే ఉంచి షేర్ చేద్దామనుకుంటే, పాతది 32 బిట్ అయితే, కొత్తది 64 బిట్ కావడంతో డ్రైవర్ అక్కడి నుంచి రాదు. పైగా 2021 సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత చివర 11బీ అని ఉండే ఎర్రర్ ఒకటి చాలామందిని సతాయిస్తోంది. ముందు లాప్‌టాప్‌లో డ్రైవర్ వేసి, తర్వాత 'లోకల్ పోర్ట్' కొత్తగా చేసి, పోర్టు పేరు దగ్గర రెండు బ్యాక్‌స్లాష్‌లు, పాత సిస్టమ్ పేరు, ఒక బ్యాక్‌స్లాష్, ప్రింటర్ షేర్ పేరు రాస్తే ఎక్కువసార్లు దారికొస్తుంది. ఇంత కష్టం కన్నా ప్రింటర్ వైరును లాప్‌టాప్‌కు మార్చుకోవడం సుఖం.

ఫోల్డర్ షేరింగ్‌కు ఒకప్పటి హోమ్‌గ్రూప్ 2018లోనే తీసేశారు. విండోస్ 7తో విండోస్ 11 కలవదని చెప్పేవాళ్లున్నారు, అది నిజం కాదు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే పద్ధతిని ఎస్ఎంబీ అంటారు. విండోస్ 7కు ఎస్ఎంబీ 2 వచ్చు, అది చాలు. పాత సిస్టమ్‌లో పాస్‌వర్డ్ ఉన్న యూజర్ ఒకటి చేయండి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, షేరింగ్ ట్యాబులోనూ, సెక్యూరిటీ ట్యాబులోనూ ఆ యూజర్‌కు అనుమతి ఇవ్వండి. ఒకచోట ఇచ్చి రెండోచోట మరిచిపోతే ఫోల్డర్ కనిపిస్తుంది గానీ తెరుచుకోదు. లాప్‌టాప్‌లో నెట్‌వర్క్‌ను ప్రైవేట్‌గా మార్చండి. తర్వాత విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, రెండు బ్యాక్‌స్లాష్‌లు పెట్టి పాత సిస్టమ్ ఐపీ అడ్రస్ కొట్టండి. యూజర్ పేరు అడిగిన దగ్గర ముందు పాత సిస్టమ్ పేరు, బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత యూజర్. నెట్‌వర్క్ బొమ్మలో పాత సిస్టమ్ కనిపించకపోయినా ఈ పద్ధతికి పట్టింపు లేదు. పాస్‌వర్డ్ లేకుండా అందరికీ తెరిచిపెట్టిన పాత షేర్లు మాత్రం విండోస్ 11 ప్రో 24హెచ్2 వెర్షన్ నుంచి ఇక తెరుచుకోవు. సంతకం లేని గెస్ట్ లాగిన్‌ను అది ఒప్పుకోదు. పాస్‌వర్డ్ పెట్టడమే దానికి మందు.

అటునుంచి, అంటే పాత సిస్టమ్ నుంచి లాప్‌టాప్‌లోకి రావాలంటే, రోజూ కొట్టే నాలుగంకెల పిన్ పనిచేయదు, అది ఆ మెషీన్ ముందు కూర్చున్నవాళ్లకే. లాప్‌టాప్ సెట్టింగ్స్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ లేని లోకల్ యూజర్‌ను పాస్‌వర్డ్‌తో చేసి, ఆ పేరుతో రండి.

పాతది విండోస్ ఎక్స్‌పీ అయితే సంగతి వేరే. దానికి తెలిసింది ఎస్ఎంబీ 1 ఒక్కటే. లాప్‌టాప్‌లో ఎస్ఎంబీ 1 ఆన్ చేస్తే సరి అని వీడియోల్లో చెప్తుంటారు. దయచేసి చేయకండి. 2017 మేలో వానాక్రై అనే వైరస్ పాకింది ఆ దారి గుండానే. ఎక్స్‌పీ సామాను పెన్‌డ్రైవ్‌తో తెచ్చుకోండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, పెండ్లి వీడియో దగ్గర ఆగుతుంది. ఎన్‌టీఎఫ్ఎస్ చేస్తే రెండువైపులా చదువుతుంది. లేదంటే డిస్క్ విప్పి యూఎస్‌బీ కన్వర్టర్‌కు పెట్టండి. లాప్‌టాప్ డిస్క్‌కు యూఎస్‌బీ కరెంటు చాలు, డెస్క్‌టాప్ డిస్క్‌కు మాత్రం 12 వోల్టుల అడాప్టర్ ఉన్న కన్వర్టర్ కావాలి. 40 పిన్నుల వెడల్పాటి వైరు డిస్క్ అయితే ఐడీఈ అని అడిగి తీసుకోండి.

తెలుగు ఫైళ్ల గురించి షాపులో ఎవరూ చెప్పరు. అనులో కొట్టినవి యూనికోడ్ కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు బొమ్మలు పెట్టి చూపించే ఫాంట్లవి. కొత్త లాప్‌టాప్‌లో ఆ ఫాంట్లు లేకపోతే పిచ్చి గీతలే వస్తాయి. ఫైల్ చెడిపోలేదు, భయపడొద్దు. పాత సిస్టమ్‌లోని ఫాంట్ ఫైళ్లు తెచ్చి ఇన్‌స్టాల్ చేస్తే చదవడానికి వస్తుంది. మార్చి కొట్టాలంటే అను స్క్రిప్ట్ మేనేజర్ కూడా కావాలి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి గానీ ఒత్తుల దగ్గర, అంకెల దగ్గర తప్పులు పడతాయి. సర్వే నంబర్లు, ఇంటి పేర్లు కంటితో సరిచూడాల్సిందే. పేజ్‌మేకర్ ఫైళ్లనైతే పాత సిస్టమ్ బతికుండగానే, ఫాంట్లు ఎంబెడ్ చేసి పీడీఎఫ్ చేసుకోండి.

యూనికోడ్‌లోనూ చిన్న తేడా ఉంది. ఎక్స్‌పీ, విండోస్ 7 నాటి గౌతమి ఫాంట్ విండోస్ 11లో ముందే ఉండదు. సెట్టింగ్స్‌లో ఆప్షనల్ ఫీచర్స్‌కు పోయి తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ చేర్చుకుంటే గౌతమి, వాణి రెండూ వస్తాయి, పాత దరఖాస్తుల పేజీలు చెదరవు. కొత్తదానిలో నిర్మలా ఫాంట్‌తో చేసింది పాతదానిలో తెరిస్తే, అక్కడ ఆ ఫాంట్ లేక వరుసలు జరుగుతాయి. రెండు మెషీన్లలోనూ తిరిగే కాగితాన్ని గౌతమిలోనే ఉంచండి. పాతదానిలో ఆఫీస్ 2003 ఉంటే సేవ్ చేసేటప్పుడు 97-2003 రకం ఎంచుకోవాలి.

ఏనుమాముల మార్కెట్ వైపు అడ్తి దుకాణాల్లో, ఎరువుల మడిగెల్లో డాస్ మీద నడిచే పాత ఫాక్స్‌ప్రో బిల్లింగ్, డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ ఉన్న కుటుంబాలకు ఒక్క మాట. 64 బిట్ విండోస్‌లో 16 బిట్ డాస్ ప్రోగ్రాములు నడవవు, విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు. పాత మెషీన్‌ను అనుకరించే వీడాస్ లాంటి ఎమ్యులేటర్‌తో నడపవచ్చు. ప్రింటర్ లావు వైరుకు యూఎస్‌బీ-ప్యారలల్ కేబుల్ దొరుకుతుంది. బిల్లింగ్ కొత్త సాఫ్ట్‌వేర్‌కు మారేదాకా పాత సిస్టమ్‌ను ఇంటర్నెట్ తీసేసి ఆ ఒక్క పనికే ఉంచడం మేలు.

ఇక వీ15 లోపాలు. తెర రెండు రకాలుగా వస్తుంది. టీఎన్ రకమైతే పక్క నుంచి చూస్తే రంగు వెలిసిపోతుంది, నలుగురు కలిసి చూసే ఇంట్లో అది నచ్చదు. ఐపీఎస్ అని అడిగి తీసుకోండి. బ్యాటరీ 38 వాట్-అవర్లే, మామూలు వాడకానికి నాలుగైదు గంటల మీద ఆశ పెట్టుకోవద్దు. సీడీ డ్రైవ్ లేదు. పెండ్లి డీవీడీల కోసం బయటి యూఎస్‌బీ డ్రైవ్ ఒకటి, వీఎల్‌సీ ప్లేయర్ కావాలి, ఎందుకంటే విండోస్ 11 తనంతట తాను డీవీడీ సినిమా ఆడించదు.

మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదలుపెట్టిన కొత్త విండోస్ 11లో డిస్క్‌కు తాళం (ఎన్‌క్రిప్షన్) దానంతటదే పడుతుంది. రేపు బోర్డు పోయి, ఎస్ఎస్‌డీ విప్పి వేరే సిస్టమ్‌కు పెట్టినా 48 అంకెల రికవరీ కీ లేకుండా ఒక్క ఫొటో తెరుచుకోదు. ఆ కీ ఆ అకౌంట్‌లోనే ఉంటుంది కాబట్టి షాపాయన మెయిల్‌తో లాప్‌టాప్ మొదలుపెట్టనివ్వకండి. ఇంట్లోవాళ్ల మెయిల్ వాడి, కీని కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి.

షాపుకు పోయేటప్పుడు ప్రింటర్‌ను, దాని వైరును, ఒక పెన్‌డ్రైవ్‌లో డ్రైవర్‌ను, రెండు మూడు పాత తెలుగు ఫైళ్లను వెంట తీసుకుపోండి. డబ్బు కట్టకముందే ఒక్క పేజీ ప్రింట్ తీసి చూపమనండి. పరకాల, నర్సంపేట, జమ్మికుంట నుంచి వచ్చేవాళ్లు వారంటీ ఇంటికి వచ్చి చేసేదా, మనమే మోసుకుపోవాలా అన్నది మీ పిన్‌కోడ్ చెప్పి అడగండి. బిల్లు మీద 'లెనోవో లాప్‌టాప్' అని రాస్తే ఒప్పుకోవద్దు. వీ15 జీ4 తర్వాత ఐఆర్‌యూ అన్న అక్షరాలు, ర్యామ్ ఎంత, తెర ఐపీఎస్ అన్నది, సీరియల్ నంబర్, విండోస్ 11 హోమ్ అన్న మాట, ఇవన్నీ రాయించుకుని పెట్టె మీది స్టిక్కర్‌తో అక్కడే సరిచూసుకోండి.