ఫోల్డింగ్ టెంట్ మంచిదే గాని, ఆ బటన్‌తోనే పంచాది

పదడుగులకు పదడుగుల ఫోల్డింగ్ టెంట్ అందరూ చూసిందే, దాని కొలతలు మళ్లీ ఎందుకు గాని, కాళ్లను గుంజినంక జారకుండ లాక్ చేసే స్ప్రింగ్ బటన్ గురించి మాత్రం చెప్పాలె, దాంతోని నాకు మస్తు పంచాది ఉంది.

మాది గాజుల దుకాణం. ఉగాది దాటిందంటే ఇగ ఇంట్ల ఉండుడు తక్కువ, శ్రీరామనవమి, హనుమాన్ జయంతి, ఆషాఢంల బోనాలు, ముందు గోల్కొండ తర్వాత సికింద్రాబాద్ ఆ తర్వాత లాల్‌దర్వాజ, జాగలు మారుడే పని. బేగంబజార్ల సామాన్ ఎత్తుకొని ట్రాలీ ఆటోల పోతం. కొత్తల అయితే నేను, మా ఆవిడ చెరో దిక్కు పట్టి గుంజితే చాయ్ చల్లారేలోపు టెంట్ నిలబడేది, అప్పుడు అందరికీ ఇదే కొనమని చెప్పిన.

ఎండాకాలం దుమ్ము ఆ బటన్ సందుల పోయి గట్టిపడుతది. సగమే బయటికొస్తది, చూస్తే మాత్రం లాక్ పడ్డట్టే ఉంటది. నిరుడు గోల్కొండ బోనాలప్పుడు గిరాకీ మంచిగుంది, ఆకుపచ్చ గాజులు డజన్లకు డజన్లు పోతున్నయ్, సాయంత్రం వాన దంచింది. ఒక బటన్ లోపలికి పోయి కాలు కిందికి దిగింది, నీళ్లన్నీ ఆ మూలకే చేరి కప్పు పొట్టలెక్క వేలాడుతుంది, మా ఆవిడ చీపురుకట్టతోని పైకి నూకబోతే మొత్తం గాజుల డబ్బాల మీదనే పడ్డయ్. గాజులకేం కాలే, అట్టడబ్బాలు నాని సైజు స్టిక్కర్లన్నీ ఊడినయ్, 2.4 ఏదో 2.6 ఏదో ఒక్కొక్కటి చేతికేసి చూసుడే అయింది.

తెల్లారి వెల్డింగ్ షాపాయన పైపులకు అడ్డంగ రంధ్రం కొట్టి నట్టుబోల్టులు పెట్టిండు. అప్పటిసంది కాలు జారలే, కాని ఆ చాయ్ ముచ్చట కూడా పోయింది, ఇప్పుడు నాలుగు కాళ్లకు పానా పట్టుకొని తిరగాలె. ఇంకోటి, సీసీ రోడ్డుల మేకు దిగదు కాబట్టి 20 లీటర్ల నీళ్ల క్యాన్లు కాళ్లకు కడతం, ఎండకు అవే తాగుతుంటే సాయంత్రానికి బరువుండదు, గాలిదుమారం లేచేది సరిగ్గ అప్పుడే.

కప్పు గుడ్డకుండే సిల్వర్ పూత ఎండను బాగ ఆపుతది, మొదటి సీజన్‌ల. మడత కాడ రాలినంక చుక్కలు చుక్కలు ఎండ పడుతుంది.

ఒకటే జాగల పెట్టుకునేటోళ్లకు ఇది చాలు, వానకు తడిసే సామాన్ అయితే జర ఆలోచించుండ్రి. మందం పైపులది ఇంకోటి చూసిన, బరువు మస్తుంది, నా నడుముతోని కాదు, ఈ బోనాలకు కూడా ఇదే ఎత్తుకపోత.