వాస్తవికవాదమా, ఉదారవాదమా: భారత్–పాక్ సంబంధాలకు ఏది సరిపోతుంది?

హనుమకొండలో రాజనీతిశాస్త్రం చెప్తున్న నన్ను ప్రతి బ్యాచ్ పిల్లలూ అడుగుతారు: "సర్, దేశాలు ఎందుకు కొట్లాడుకుంటాయి, ఎందుకు కలుస్తాయి అని వస్తే వాస్తవికవాదం రాయాలా, ఉదారవాదం రాయాలా?" పైన అదుపు చేసేవాళ్లు లేరు కాబట్టి ప్రతి దేశం తన బలం, తన భద్రతే చూసుకుంటుందనేది వాస్తవికవాదం. వ్యాపారం, సంస్థలు, నియమాలు దేశాలను కలిపి ఉంచగలవనేది ఉదారవాదం. 2025 మేలో భారత్–పాక్ సైనిక ఘర్షణ తర్వాత ఈ ప్రశ్న మరీ ఎక్కువైంది. ఆ నాలుగు రోజులు టీవీ చూసి, వాస్తవికవాదమే నిజమని చాలామంది తేల్చేసుకున్నారు. నేను అంత తొందరగా ఒప్పుకోను.

వాస్తవికవాదం బలం ఎక్కడుందో ముందు చెప్తాను. ఊళ్లో గెట్టు పంచాయితీ వస్తే పెద్దమనుషులు కూర్చుంటారు, సర్వేయర్ వస్తాడు, కాదంటే కోర్టు ఉంది. మేడిగడ్డ బ్యారేజీ 100 మీటర్ల మట్టంపై 2016 ఆగస్టులో మహారాష్ట్ర, తెలంగాణ సంతకాలు చేశాయి. అక్కడ బేరం కుదరకపోయినా పైన కేంద్రం ఉంది, సుప్రీంకోర్టు ఉంది. రెండు దేశాలకు అలాంటి పైదిక్కు లేదు. అందుకే ఒకరు రక్షణ కోసమని చేసింది రెండోవారికి దాడి ఏర్పాటులా కనిపిస్తుంది. 1998 మే 11న మనం పోఖ్రాన్‌లో అణుపరీక్ష చేస్తే, మే 28న పాకిస్తాన్ చాగైలో చేసింది. ఈ భయాన్ని వాస్తవికవాదం చెప్పినంత సూటిగా ఇంకేదీ చెప్పదు.

ఉదారవాదంలో 'వ్యాపారం ఉంటే యుద్ధం రాదు' అనే ముక్కను మాత్రం పట్టుకోకండి. 1914లో బ్రిటన్, జర్మనీల మధ్య వ్యాపారం బ్రహ్మాండంగా నడుస్తోంది, అయినా యుద్ధం ఆగలేదు. నాకు నచ్చేది సంస్థల గురించి, నియమాల గురించి చెప్పే భాగం. నా లెక్కలో తేల్చాల్సిన ప్రశ్న ఒక్కటే: మాట తప్పితే ఎవరికి ఎంత నష్టం?

రెండు ఒప్పందాలు పక్కపక్కన పెట్టి చూడండి. 1960 సింధు జలాల ఒప్పందం 1965, 1971, 1999 యుద్ధాలను తట్టుకుంది. పహల్గామ్ దాడి తర్వాత 2025 ఏప్రిల్‌లో మనం దాన్ని నిలిపివేశాం. రెండోది 1988 డిసెంబర్ 31న రాసుకున్నది: ఒకరి అణుకేంద్రాలపై ఇంకొకరు దాడి చేయకూడదు. దాని ప్రకారం 1992 నుంచి ఏటా జనవరి 1న అణుకేంద్రాల జాబితాలు ఇచ్చి పుచ్చుకుంటున్నారు. పార్లమెంటుపై దాడి తర్వాత సరిహద్దులో సైన్యాలు మోహరించి ఉన్న 2002 జనవరి 1న కూడా ఇచ్చుకున్నారు. ముంబై దాడులు జరిగి నెల దాటిందో లేదో, 2009లోనూ ఆగలేదు.

ఒకటి ఆగింది, ఇంకొకటి ఆగలేదు. ఎందుకంటే నది పైన మనం, కింద వాళ్లు. నీటి ఒప్పందం ఆగితే భయం ఎక్కువగా వాళ్లది. అణుకేంద్రం పేలితే ఆ ధూళికి సరిహద్దు తెలియదు, భయం ఇద్దరిదీ. వాస్తవికవాది "అవతలివాడికి నాకన్నా ఎక్కువ దక్కుతుందా?" అని అడిగి ఆగిపోతాడు. నీటి ఒప్పందం ఎందుకు ఆగిందో దానితో చెప్పొచ్చు. కానీ పగ చల్లారకపోయినా జనవరి 1 ఎందుకు తప్పడం లేదో చెప్పాలంటే సంస్థల వాదమే కావాలి. ఎప్పుడు, ఎవరు, ఏం ఇవ్వాలో ముందే రాసిపెట్టుకున్నారు కాబట్టి, ఇవ్వడానికి ప్రతిసారీ కొత్తగా నమ్మకం కూడగట్టుకోనక్కర్లేదు. 15 మార్కుల ప్రశ్నకు నేనైతే భయంతో మొదలుపెట్టి, సగానికి పైగా దీని మీదే రాస్తాను.

దేశాలు ఒకదాన్నొకటి మిత్రులుగా చూస్తాయా, శత్రువులుగా చూస్తాయా అన్నదే అసలు సంగతి అనే నిర్మాణవాదం గురించి ఒక పేరా చాలు: బ్రిటన్ అణ్వాయుధాలకు భయపడని అమెరికా ఉత్తర కొరియావాటికి ఎందుకు భయపడుతుందో అది బాగా చెప్తుంది. మార్క్సిస్టు వాదాన్ని వలసలు, ముడిసరుకుల ప్రశ్నలకు ఉంచుకోండి.

ఆదివారం క్లాసుకు వచ్చేవాళ్లు సింధు ఒప్పందం 9వ అధికరణ చదివి రండి. తగాదా వస్తే ముందు రెండు దేశాల ప్రతినిధులుండే సింధు కమిషన్, తర్వాత తటస్థ నిపుణుడు, ఆ పైన మధ్యవర్తిత్వ కోర్టు అని మెట్లు అందులో ఉన్నాయి. ఏ మెట్టు దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చిందో అక్కడి నుంచి మొదలుపెడదాం.