కన్సెంట్ మాడ్యూల్: పచ్చ టిక్కు చూసి కొనేయకండి

ఈ హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో కన్సెంట్ మాడ్యూల్ అంటే, ఆపరేషన్‌కి పేషెంట్ ఒప్పుకున్నట్టు నమోదు చేసే భాగం. ఇందులో సంతకం చేసిన ఫారం స్కాన్ చేసి ఎక్కించగానే పేషెంట్ పేరు పక్కన పచ్చ టిక్కు పడుతుంది. ఖాళీ కాగితం ఎక్కించినా పడుతుంది! డెమోలో ముందు ఇదే పరీక్షించండి.

ఆపరేషన్ పేరు, కుడివైపా ఎడమవైపా, రిస్కులు, వేరే చికిత్స మార్గాలు, చేసే డాక్టరు పేరు, సాక్షి సంతకం: వీటిలో ఏది లేకపోయినా కేసు ఓటీ (ఆపరేషన్ థియేటర్) లిస్టులోకి ఎక్కకూడదు. ఇక్కడ ఆ కట్టడి లేదు. పైగా స్కాన్ చేసిన టైమునే సంతకం టైముగా చూపిస్తుంది. ఉదయం 8కి సంతకం తీసుకుని, ఆపరేషన్ చేసి, సాయంత్రం స్కాన్ చేస్తే, ఆపరేషన్ అయ్యాక ఒప్పుకున్నట్టు రికార్డవుతుంది. కోర్టులో డాక్టరు ఇరుక్కోవడానికి అది చాలు.

మత్తుకీ, రక్తం ఎక్కించడానికీ విడి ఫారాలు ఇచ్చారు, బాగుంది. తెలుగు ఫారాలు మాత్రం ప్రింటులో ఒత్తులు ఊడిపోయి వస్తున్నాయి. చదవడానికి వీల్లేని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం అన్యాయం.

పరీక్ష కోసం చేసే లాపరోస్కోపీకి (చిన్న కోతతో పొట్టలోకి కెమెరా పెట్టి చూడటానికి) ఇచ్చిన సమ్మతి గర్భసంచి తీసేయడానికి చెల్లదని సుప్రీంకోర్టు 2008లోనే తేల్చింది. అయినా ఇందులో అన్ని ఆపరేషన్లకూ ఒకే జనరల్ ఫారం వాడుకునే వీలుంచారు. కొనేముందే దాన్ని తీసేయించి, ఆపరేషన్‌వారీగా ఫారాలు పెట్టించుకోండి.