కాజాలో హీటరు బిల్లు, కిబ్బర్‌లో ఎండ గది

హిమాచల్ ప్రదేశ్ స్పితి లోయలోని కాజాలో మేం దిగిన హోటల్ బోర్డు మీద పచ్చటి ఆకు బొమ్మ, దాని కింద 'ఎకో స్టే' అని పెద్ద అక్షరాలు. గది అద్దె రాత్రికి 2,800. నవంబరు మొదటి వారం, సూర్యుడు కొండ చాటుకి వెళ్ళగానే వేళ్ళు కొంకర్లు పోయే చలి. హీటర్ తెచ్చిపెట్టిన కుర్రాడు దానికి విడిగా డబ్బులని చెప్పలేదు. ఖాళీ చేసేటప్పుడు బిల్లులో చూస్తే రాత్రికి 700 చొప్పున రెండు రాత్రులకీ వేశారు.

రెండో రాత్రి తొమ్మిదింటికే కరెంటు పోయింది. వెనక పెరట్లో డీజిల్ జనరేటర్ ఓ గంట డబడబలాడి ఆగిపోయింది. తెల్లారేదాకా ఆ హీటర్ ఉత్త ఇనప డబ్బా. "కరెంటే లేని రాత్రికి హీటర్ డబ్బులేంటండీ" అంటే, "ఇక్కడ డీజిల్ ఎంత పిరమో మీకేం తెలుసు" అన్నాడు యజమాని. తెలియకేం? కాజా పెట్రోల్ బంకు 3,740 మీటర్ల ఎత్తులో ఉంది. అక్కడికి ప్రతి చుక్కా ట్యాంకర్లలో కొండలెక్కి రావాల్సిందే. అలాంటి చోట డీజిల్ తగలేస్తూ ఆకు బొమ్మ దేనికని నా గొడవ. బాత్రూంలో 'నీళ్ళు పొదుపుగా వాడండి' అని అట్టముక్క, మంచం పక్కన 60 రూపాయల ప్లాస్టిక్ సీసా. అరగంట వాదిస్తే 350 తగ్గించాడు. మా బావమరిది అయితే ఆ అరగంటా తల పక్కకి తిప్పుకుని, "వదిలేయ్ బావా, పరువు పోతోంది" అంటూనే ఉన్నాడు.

దారి సంగతి క్లుప్తంగా. సికింద్రాబాద్ నుంచి రైల్లో ఢిల్లీ, అక్కడి నుంచి కాల్కా, 1903 నాటి చిన్న రైల్లో షిమ్లా, తర్వాత బస్సులో కిన్నౌర్ జిల్లాలోని రెకాంగ్ పియో. అంతా సాఫీగానే జరిగింది. మనాలీ వైపు కుంజుమ్ కనుమ చలికాలంలో మంచుతో మూసుకుపోతుంది కాబట్టి ఆ నెలల్లో కిన్నౌర్ దారే గతి.

షిమ్లాలో కాజాకి టాక్సీ అడిగితే ఒక వైపుకే 16,000 చెప్పారు. పియో నుంచి కాజాకి ప్రభుత్వ బస్సులో ఇద్దరి టికెట్లూ కలిపినా వెయ్యి కాలేదు. టాక్సీ వద్దన్నానని మా వాడు పియో బస్టాండులో ముఖం ముడుచుకుని కూర్చున్నాడు. ఆ బస్సు మనుషుల్ని మాత్రమే మొయ్యదు. బియ్యం బస్తాలు, కూరగాయల బుట్టలు, ఎవరి ఇంటికో మందుల పొట్లం, అన్నీ దాన్లోనే. మలుపు దగ్గర ఆగితే ఒకావిడ వచ్చి పొట్లం అందుకుని వెళ్ళిపోయింది, టికెట్టూ లేదు, సంతకమూ లేదు. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలిసే చోటు దాటాక మా వాడి కోపం దానంతటదే దిగింది. కిటికీ సీటు నాది, అదీ లాగేసుకున్నాడు. సుమ్దో దగ్గర చెక్‌పోస్టు ఉంది. విదేశీయులకే అనుమతి పత్రం కావాలి, మనకి ఆధార్ చాలు. వీలుంటే తాబోలో ఒక రాత్రి ఆగండి. 996లో కట్టిన మఠం చూసినట్టూ ఉంటుంది, ఎత్తుకి ఒళ్ళు అలవాటు పడినట్టూ ఉంటుంది.

బిల్లు కట్టిన రోజు సాయంత్రమే కాజాకి పైనున్న కిబ్బర్ అనే ఊరి బస్సెక్కాం. అది రాత్రి ఊళ్ళోనే ఉండి పొద్దున కాజాకి తిరిగి వెళ్తుంది, దారి మూసుకుపోనంత వరకు. కిబ్బర్ 4,200 మీటర్లకి పైనే. మా వాడికి తలనొప్పి పట్టుకుంది. అక్కడ మేం దిగింది ఒకరి ఇంట్లో. ఆ ఇంటావిడ ఉప్పు వేసిన వెన్న టీ ఇచ్చింది. ఒక గుక్క తాగి నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. రెండో కప్పు మాత్రం తనే అడిగాడు.

ఆ ఇంట్లో బసకి తలకి 1,200, మూడు పూటలా తిండితో సహా. బోర్డు లేదు. ఇంటికి దక్షిణం వైపంతా అద్దాలు బిగించిన గది. పగలు అక్కడ స్వెట్టర్ తీసేసి కూర్చున్నాం, బయట నీళ్ళు గడ్డకట్టి ఉన్నా సరే. చీకటి పడ్డాక ఇంటిల్లిపాదీ ఒక్క గదిలోకి చేరతారు. మధ్యలో రేకు పొయ్యి, దాన్ని తందూర్ అంటారు. పిడకలు, కాస్త కట్టె వేస్తారు. వంటా దాని మీదే, వేణ్ణీళ్ళూ దాని మీదే, వెచ్చదనమూ దాన్నుంచే. మిగతా గదులు వేడి చేసే ఆలోచనే లేదు. పడుకునే గదిలో మూడు బరువైన రజాయిలు. హోటల్ హీటర్ దగ్గర కంటే ఇక్కడే హాయిగా నిద్రపోయాం. తుక్పా అనే నూడుల్స్ సూప్‌లో బఠాణీలు వాళ్ళ పొలంవే. ఇంత ఎత్తులో అంత రుచి ఊహించలేదు.

ఇక మరుగుదొడ్డి. మన తెలుగువాళ్ళు వెనక్కి తగ్గేది ఇక్కడే, దాచడం ఎందుకు! పై అంతస్తులో నేలకి ఒక రంధ్రం, పక్కన మట్టి, బూడిద కుప్ప, ఒక పార. పని అయ్యాక పారతో రెండు సార్లు మట్టి వెయ్యాలి. కింద గదిలో పోగైంది చివికి వసంతంలో పొలానికి ఎరువవుతుంది. రంధ్రంలో నీళ్ళు మాత్రం పొయ్యకూడదు. పోస్తే ఎరువు పాడవుతుంది, వాసన మొదలవుతుంది. చెంబు లేకుండా ఎలా అని మా బావమరిది ఒక పూటంతా ఆపుకున్నాడు! ఇంటావిడ నవ్వి, గోరువెచ్చటి నీళ్ళ చెంబు ఇచ్చి, కడుక్కోవడానికి విడిగా ఉన్న మూల చూపించింది. టిష్యూ కాగితం ఫరవాలేదు, తడి వైప్స్ మాత్రం వెయ్యొద్దు, అవి చివకవు. వాసన నిజంగా లేదు. కాజా హోటల్లో నీళ్ళు గడ్డకట్టి ఫ్లష్ పనిచెయ్యక పడిన అవస్థతో పోలిస్తే ఇదే నయం.

మంచు చిరుత కోసమే వెళ్ళేవాళ్ళు ఫిబ్రవరిలో వెళ్ళాలి, నవంబరులో మాకు నీలి గొర్రెలే కనిపించాయి. తిరుగు బస్సు పొద్దున్నే ఉంటుంది కాబట్టి ముందు రాత్రే కండక్టర్‌కి చెప్పించండి. ఇంటివాళ్ళే చెప్పిపెడతారు. సిగ్నల్ ఉంటే ఉంది, లేకపోతే లేదు. ఫోన్‌పే మీద భరోసా పెట్టుకోకుండా కాజాలోనే నోట్లు తీసుకుని వెళ్ళండి. స్టీలు నీళ్ళ సీసా ఒకటి వెంట ఉంచుకోండి, కాచిన నీళ్ళు ఏ ఇంట్లో అడిగినా నింపి ఇస్తారు.