యువారీ అడవిలో రెండు రాత్రులు: జీప్ ట్రైల్స్, టెంట్లు, ఎర్రనీళ్ళు

నార్త్ కరోలినాలో జీప్ వేసుకుని అడవిలోకి వెళ్ళాలంటే ఎవరిని అడిగినా ముందు యువారీ పేరే చెబుతారు. షార్లెట్‌కు తూర్పున, బాడిన్ లేక్‌ను ఆనుకుని దాదాపు 50 వేల ఎకరాల అడవి. కెన్నెడీ ప్రెసిడెంట్‌గా ఉండగా 1961లో నేషనల్ ఫారెస్ట్ అయింది. అంత అడవిలోనూ ఆఫ్‌రోడ్ బళ్ళకు వదిలిన ట్రైల్స్, అంటే మట్టి, రాళ్ళ దారులు, అన్నీ కలిపితే సుమారు 17 మైళ్ళు. "ఇంతేనా బావా, గంటలో అయిపోతుంది" అని మా బావమరిది పెదవి విరిచాడు. రెండు రోజులు తిరిగినా మేం సగం కూడా పూర్తి చేయలేదు.

అక్టోబర్ చివర్లో రెండు బళ్ళలో వెళ్ళాం. ఒకటి బావమరిది సొంత బండి, రెండోది నేను అద్దెకు తీసుకున్న జీప్ రాంగ్లర్. మామూలు రెంటల్ కంపెనీల అగ్రిమెంట్‌లో ఆఫ్‌రోడ్ నడపకూడదని రాసి ఉంటుంది, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వర్తించదు. అందుకని ట్రైల్స్ కోసమే బళ్ళు ఇచ్చే చోట తీసుకున్నాను. బండి బాగుంది, టైర్లు కొత్తవి, లాగే తాడు, కొక్కేలు అన్నీ ఇచ్చారు. కానీ టైర్లలో గాలి నింపడానికి వాళ్ళిచ్చిన ఎయిర్ కంప్రెసర్ పనిచేయలేదు. ట్రైల్ కోసం టైర్లలో గాలి తగ్గించాలి, తీరా తీసేశాక ఆ సంగతి తెలిసింది. బావమరిది దగ్గర ఇంకొకటి ఉండబట్టి సరిపోయింది, లేకపోతే మెత్తటి టైర్లతో పెట్రోల్ బంకు దాకా పాకుతూ వెళ్ళాల్సి వచ్చేది. బండి తాళాలు తీసుకునే ముందే కంప్రెసర్ ఆన్ చేసి చూడండి. ట్రైల్‌కు పాస్ కావాలి, ముందే కొనుక్కుంటే అక్కడ టెన్షన్ ఉండదు.

గాలి తీయడం ఎందుకో కొత్తవాళ్ళకు చెప్పాలి. టైరు మెత్తబడితే నేలను ఎక్కువ మేర పట్టుకుంటుంది, చక్రం ఉన్నచోటే గిరగిరా తిరగదు. అలా తిరిగే చక్రమే మట్టిని తవ్వేస్తుంది. మేం గాలి ఒత్తిడిని 20 పీఎస్ఐ దాకా తగ్గించి, ఫోర్ లోలో (నాలుగు చక్రాలకూ బలం అందే నెమ్మది గేరు) పెట్టి, నడిచే మనిషి వేగంతో వెళ్ళాం.

మొదటి రోజు డిక్కీ బెల్ ట్రైల్. కొత్తవాళ్ళు అక్కడే మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. మధ్యాహ్నం డేనియల్ ట్రైల్‌లో కోడాక్ రాక్ అనే బండ దగ్గరికి వెళ్ళి, దాని మీదికి బళ్ళు ఎక్కించేవాళ్ళను గంటసేపు నిలబడి చూశాం. ఒకరు ముందు నిలబడి చేతులతో దారి చూపిస్తుంటే ఇంకొకరు అంగుళం అంగుళం ఎక్కించడం చూస్తుంటే కడుపు నిండిపోయింది. మేం మాత్రం ఎక్కలేదు. అద్దె బండితో ఆ సాహసం వద్దు.

చూడ్డానికి భయంకరంగా ఉన్న ఆ బండ వల్ల అడవికి పెద్దగా నష్టం లేదు, రాయి అరగదు కదా. అసలు నష్టం ఎవరూ పట్టించుకోని చదును చోట్ల, మెత్తటి మట్టిలో జరుగుతుంది. అది మాకు తెలిసొచ్చింది డిక్కీ బెల్‌లోనే, ఒక బురద గుంట దగ్గర.

దారికి అడ్డంగా నీళ్ళు నిలిచి ఉన్నాయి. లోతెంతో తెలియలేదు. "పక్కనుంచి పోదాం బావా, అందరూ అలాగే పోయినట్టున్నారు" అన్నాడు బావమరిది. నిజమే, పక్కన చక్రాల గాళ్ళు కనిపిస్తున్నాయి. నేను స్టీరింగ్ తిప్పాను కూడా. వెనక పాత ట్రక్కులో వస్తున్న ఒక పెద్దాయన హారన్ కొట్టి, దిగి వచ్చాడు. కోప్పడలేదు. చేత్తో పక్కన ఉన్న ఓక్ చెట్టు మొదలు చూపించాడు. వేళ్ళు బయటపడి ఉన్నాయి, టైర్లు రాసుకుని బెరడు ఊడిపోయి లోపలి తెల్లటి చెక్క కనబడుతోంది. ఒకప్పుడు ఆ చెట్టు దారికి ఆరడుగుల దూరంలో ఉండేదట. గుంటను తప్పించుకుంటూ ఒక్కో బండీ కాస్త కాస్త జరిగి, దారే చెట్టు దాకా వచ్చేసింది. ఆయన కర్రతో లోతు చూశాడు, మోకాలి కిందికే ఉంది. మధ్యలోంచే నెమ్మదిగా దాటాం.

ఆ తర్వాత ఆయన టెలికో గురించి చెప్పాడు. ఈ రాష్ట్రంలోనే పడమటి కొసన, నాంటహేలా నేషనల్ ఫారెస్ట్‌లో టెలికో నది పుట్టే చోట దాదాపు 40 మైళ్ళ ట్రైల్స్ ఉండేవి. దేశం నలుమూలల నుంచి జీపులు వచ్చేవి. 2009లో ఫారెస్ట్ సర్వీస్ వాటిని పూర్తిగా మూసేసింది. కారణం మట్టి. బళ్ళ బరువుకు నేల గట్టిపడి వాన నీరు ఇంకదు, చక్రాల గాళ్ళే కాలువలై మట్టిని కోసుకుంటూ పోయి వాగులో కలుపుతాయి. ఆ వాగుల్లో బ్రూక్ ట్రౌట్ అనే చేప ఉంటుంది. అది ఆకురాలే కాలంలో గులకరాళ్ళ మధ్య గుడ్లు పెడుతుంది. ఆ రాళ్ళ సందుల్లోంచి చల్లటి నీరు పారుతుంటేనే గుడ్లకు ప్రాణవాయువు అందుతుంది. సందుల్లో ఒండ్రు పేరుకుంటే గుడ్లు ఊపిరాడక పోతాయి. ట్రైల్ మీద గుంట తవ్వినవాడికి ఆ చేప ఎప్పుడూ కనబడదు.

మళ్ళీ బండెక్కినా నా చూపంతా నీళ్ళ మీదే. ట్రైల్ వాలు మీద అక్కడక్కడా అడ్డంగా మట్టి గట్లు వేసి నీటిని పక్కకు మళ్ళించారు. ఒక గట్టు చివర చిన్న గుంత ఉంది, ఎర్రమట్టి అక్కడే ఆగి నీళ్ళు తేటపడేందుకు. వంగి చేయి పెడితే అడుగున బురద మీగడలా మెత్తగా తగిలింది. ఇంకో గట్టు సగం తెగిపోయింది, ఎవరో దాని మీదినుంచి స్పీడుగా ఎగిరినట్టున్నారు. అక్కడి నీళ్ళు టీ రంగులో నేరుగా వాలులోకి పోతున్నాయి.

రూల్స్ ఎక్కువని విసుక్కునేవాళ్ళను విన్నాను. ఈ రూల్స్ నిన్న మొన్న పుట్టినవి కావు. ఇలాంటి బళ్ళకు చోట్లు, దారులు నిర్ణయించేటప్పుడు నేలకూ నీటికీ వన్యప్రాణులకూ నష్టం తగ్గేలా చూడాలని 1972లోనే ప్రెసిడెంట్ నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. నష్టం ఎక్కువైతే వెంటనే మూసేయాలని 1977లో ప్రెసిడెంట్ కార్టర్ దానికి చేర్చాడు. 2005 నుంచి నేషనల్ ఫారెస్ట్‌లలో మ్యాప్‌లో గుర్తించిన దారుల్లోనే నడపాలి. యువారీ ట్రైల్స్‌ను డిసెంబర్ మధ్య నుంచి మార్చి చివరి దాకా మూసేస్తారు. చలికాలపు తడి ఆరని నేల మీద బళ్ళు తిరగకపోవడమే మంచిది.

బస సంగతి. పిల్లలుంటే యారోహెడ్ క్యాంప్‌గ్రౌండ్ తీసుకోండి, కరెంటు, వేడినీళ్ళ స్నానం ఉన్నాయి. మేం మొదటి రాత్రి అక్కడే ఉన్నాం, బాత్‌రూమ్‌లు శుభ్రంగా ఉన్నాయి. రెండో రాత్రి బాడిన్ లేక్ క్యాంప్‌గ్రౌండ్‌కు మారాం. కరెంటు లేదు, కానీ టెంటు జిప్ తీస్తే ఎదురుగా సరస్సు. మళ్ళీ వెళ్తే నేను అక్కడే ఉంటాను, మా ఆవిడ మాత్రం వేడినీళ్ళకే ఓటు వేసింది. అడవిలో ఫోన్ సిగ్నల్ సరిగ్గా లేదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి.

రెండో రాత్రి వాన పడింది. పొద్దున డచ్ జాన్ ట్రైల్‌కు వెళ్ళాలని ప్లాన్. బావమరిది లేచి చెప్పులతో నేలను నొక్కి చూశాడు, చెప్పు దిగబడింది. "వద్దులే బావా" అని వాడే అన్నాడు. సరస్సు ఒడ్డున కూర్చుని టీ తాగాం. తర్వాత బ్రష్‌తో టైర్ల సందుల్లో మట్టి గీకుతుంటే అందులో ఏవో గడ్డి గింజలు కనిపించాయి. ఈ అడవి గింజలు ఇంకో అడవికి మోసుకుపోకూడదని అంతా అక్కడే దులిపేశాం. డచ్ జాన్ ఏప్రిల్‌లో చూస్తాం, నాలుగు రోజులు వరసగా ఎండ కాసిన వారం చూసుకుని.